మండని పిడకలు

మురుగునీటి శుద్ధి కేంద్రంలో కెమిస్టునని చెబితే, ఆ రోజుల్లో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకునేవారు. మా అమ్మ వెంటనే "గవర్నమెంటు ఉద్యోగమే" అని అందుకునేది. కుర్చీ మళ్లీ ముందుకు వచ్చేది. నేను మాత్రం ఆ ఉద్యోగాన్ని ఇష్టపడే చేశాను. బురదను చూసి ఊరు ఏం తింటోందో, ఏం ఉతుకుతోందో, ఏం పారబోస్తోందో చెప్పగలగడం నాకు గొప్పగా ఉండేది.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న మీలాంటి పిల్లలకు మా కాలంలో కలలో కూడా చూడని యంత్రాలున్నాయి. మీరు నన్ను చూసినప్పుడల్లా పాత సంగతులు చెప్పమంటారు. ఇది మీ కోసమే రాస్తున్నాను. అయితే ఇందులో మీకు పనికొచ్చే నీతి కోసం నేను చాలా ఏళ్లు వెతికాను, దొరకలేదు. ముందే చెప్పేస్తున్నాను.

ఎనభైల నడుమ మాట. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. ఎల్బీ నగర్ చౌరస్తా దాకా బస్సు, అక్కడి నుంచి నడక. దారికి రెండు పక్కలా జొన్నచేల మధ్య సున్నం పూసిన హద్దురాళ్లు. నిన్న పంట ఉన్న చోట ఇవాళ రాళ్లుండేవి, ఇవాళ రాళ్లున్న చోట కొన్నాళ్లకు పునాదులు. ఆ కాలనీల్లో ఒకదాని చివర మా కేంద్రం. చాలా చిన్నది. కాలనీ మురుగునీళ్లు పెద్ద తొట్టిలోకి వచ్చి నిలిచేవి. బరువైనదంతా అడుక్కి చేరేది. పైన తేరిన నీళ్లను మరికాస్త శుభ్రం చేసి కింద ఉన్న కుంటలోకి వదిలేవాళ్లం. అడుగు బురదను ఇసుక మడుల మీద పరిచి ఎండబెట్టేవాళ్లం. ఎండాక అది నల్లని పెచ్చులుగా లేచేది. దాన్ని రైతులు ఎరువుకు తీసుకుపోయేవారు.

అలా తీసుకుపోయేవాళ్లలో ఒక పెద్దావిడ ఉండేది. ఆ కాలనీ భూములన్నీ ఒకప్పుడు ఆమె అత్తగారింటివే. కొడుకులు చాలావరకు ప్లాట్లకు అమ్మేశారు. ఆమెకు కొన్ని బర్రెలు, కుంట కింద కొంచెం పొలం, కుంటలో చేపలు పట్టుకునే హక్కు మిగిలాయి. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పాలమూరు దిక్కు నుంచి ఇళ్లు కట్టడానికి వచ్చిన కూలీలు కుంట గట్టు మీద గుడిసెలు వేసుకున్నారు. వాళ్లకు వంటచెరకు లేదు. పెద్దమ్మ పిడకలు కొట్టి వాళ్లకు అమ్మేది. గుడిసెలు పెరిగేకొద్దీ పేడ చాలక, మా మడుల మీది ఎండు బురదను పేడలో కలిపి కొట్టేది. బాగా మండుతాయని అందరూ మెచ్చుకునేవారు.

ఒకరోజు పొద్దున ఆమె గంప నిండా పిడకలు తెచ్చి నా బల్ల మీద, సీసాల మధ్యన కుమ్మరించింది.

"చూడు బిడ్డా. గీటికి నిప్పు పెట్టి నువ్వే చూడు."

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏమైందా? కూలోళ్ల ఆడోళ్లు పిడకలు తెచ్చి నా ముంగట ఇసిరికొట్టిన్రు. మట్టి కలుపుతున్నవ్ ముసల్దానా అన్నరు. నా పుట్టుకల నేను ఎవ్వలకన్న మట్టి అమ్మిన్నా? మీ బురదల ఏం కలిపిన్రో జెప్పు."

ఇద్దరం ఆవరణలోకి వెళ్లాం. ఒక పిడక మీద కిరోసిన్ పోసి అగ్గిపుల్ల గీశాను. కిరోసిన్ మండింది. అది అయిపోగానే మంట చచ్చిపోయింది. పిడక నల్లబడింది గానీ అంటుకోలేదు. తెల్లటి పొగ సన్నగా లేచి ముక్కులో సూదిలా గుచ్చుకుంది. ఇద్దరికీ కళ్లలో నీళ్లు కారాయి.

"గిదే పొగ," అందామె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "గుడిసెలల్ల పోరలు రాత్రంత దగ్గుతున్నరట."

మా ఇంజనీరు గారికి చెప్పాను. ఆయనది నల్గొండ వైపు ఊరు. పెద్ద గొంతు, మంచి మనసు, పని తొందరగా తేలిపోవాలన్న ఆత్రం. మొదట నవ్వారు. "ఏంది మేడం, పిడకలు మండకుంటె గది కూడ మన డిపార్టుమెంటేనా?" అన్నారు. తర్వాత పిడకను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, చెప్పులు మార్చుకున్నారు. "పాండ్రి, లైను పొడుగూత నడిసి చూద్దాం."

మ్యాన్‌హోలు మూతలు ఒక్కొక్కటే తెరిపిస్తూ పోయాం. చాలావాటిలో మామూలు మురుగే. మెయిన్ రోడ్డుకు దగ్గరలో ఒకదాంట్లో నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. గోడలకు మైనం లాంటి జిడ్డు పట్టి ఉంది. పక్కనే ఒక టెంట్‌హౌస్ వాళ్ల షెడ్డు.

ఆ షెడ్డు యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. మేము తిట్టడానికి వచ్చామని తెలియక, కుర్చీలు తుడిచి వేశాడు.

"రండి మేడమ్‌గారూ, కూర్చోండి. మజ్జిగ తెప్పించమంటారా?"

షెడ్డులో పెద్ద పెద్ద తొట్లు. ఒక తొట్టిలో షామియానా గుడ్డ నానుతోంది. అదేమిటని ఇంజనీరు గారు అడిగారు. యజమాని తీగ మీద ఆరేసిన గుడ్డ అంచు పట్టుకుని, జేబులోంచి అగ్గిపెట్టె తీసి దాని కింద పుల్ల గీశాడు. నేను ఉలిక్కిపడ్డాను. గుడ్డ నల్లబడింది, ముడుచుకుంది. అంటుకోలేదు.

"చూశారా అండీ? కాలదు. మొత్తం పందిరి కింద పొయ్యి పెట్టినా కాలదు."

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల ఊళ్లో తమ్ముడి పెళ్లిలో పందిరి అంటుకుంది. అందరూ బయటికి పరిగెత్తారు. ఆయన చెల్లెలి కూతురు, నాలుగేళ్ల పిల్ల, లోపల చాప మీద నిద్రపోతోంది. ఆ పిల్ల అక్కడుందని బయటికి వచ్చాక గాని ఎవరికీ గుర్తురాలేదు.

"మా చెల్లెలు ఇప్పటికీ నాతో మాట్లాడదండీ. పందిరి వేసింది నేనే. అందుకే ఊరొదిలి వచ్చేశాను. ఇక్కడ నా గుడ్డ కింద ఎవరి పెళ్లయినా జరగనీండి, అలా మాత్రం కాకూడదనుకున్నాను."

మందు ఏమిటో చూపించాడు. పీపాల్లో నూనె లాంటి చిక్కటి ద్రవం, సంచుల్లో తెల్లటి పొడి, రెండిటినీ గుడ్డకు పట్టించే జిగురు. గుడ్డ ముంచి తీశాక మిగిలింది మర్నాటికి పాడైపోతుంది కాబట్టి కాలవలో పోసేవాడు.

"డ్రైనేజీ ఉన్నది అందుకే కదండీ," అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు.

నా దగ్గరున్న పరీక్షలు కొన్నే. నీళ్లు ఎంత చెడ్డాయో చెప్పగలను. ఎందువల్ల చెడ్డాయో కొంతవరకే చెప్పగలను. బురదను కొలిమిలో కాలిస్తే మామూలుగా వచ్చేదానికంటే ఎక్కువ బూడిద మిగిలింది, తెల్లటి పొగ గది నిండిపోయింది. అంతకు మించి నా చేతుల్లో ఏమీ లేదు. పీపాల మీదా సంచుల మీదా ఉన్న పేర్లు రాసుకుని, నాకు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మేష్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఆ పేర్లు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పీపాల్లోది క్లోరిన్ పట్టించి నూనెలా చేసిన మైనం. సంచుల్లోది లోహపు భస్మం. మంటను చంపడానికి బాగా పనిచేస్తాయి. ఈ మైనం నీళ్లలో కరగదమ్మా. బురదను పట్టుకుంటుంది, చేప కొవ్వును పట్టుకుంటుంది. దీన్ని కొలిచే సాధనం నా దగ్గర లేదు. ఈ ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉందో లేదో కూడా తెలియదు."

"కొన్నాళ్లకు కుళ్లిపోదా సార్?"

"మంటకే లొంగనిది సూక్ష్మజీవికి లొంగుతుందా?"

ఆ మాట పట్టుకుని బస్సులో తిరిగి వస్తుంటే నాకు మొదటిసారి నా ఉద్యోగం అర్థమైనట్టనిపించింది. మేము శుద్ధి చేస్తామని బోర్డు పెట్టుకున్నాం. నిజానికి మేము చేసేది విడదీయడం. నీళ్లను ఒక పక్కకి, చెత్తను ఇంకో పక్కకి. కుళ్లేదైతే మట్టిలో కలిసిపోతుంది, మా పని పూర్తవుతుంది. కుళ్లనిదాన్ని మేము ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపడం తప్ప ఏమీ చేయలేం.

ఇంజనీరు గారూ నేనూ కూర్చుని ఆలోచించాం. షెడ్డు వెనక సిమెంటు గుంట కట్టించి, మిగిలిన మందునంతా అందులో పోయించాలి. కాలవలోకి చుక్క రాకూడదు. టెంట్‌హౌస్ ఆయన వాదించలేదు. తన మందు ఎవరి పొయ్యిలోకి చేరిందో చెబితే తల వంచుకున్నాడు. "నేను నిప్పునొక్కదాన్నే చూశానండీ," అన్నాడు. ఆ వారంలోనే గుంట కట్టించాడు. మేము అతని పైపు మూయించాం. మడుల మీదున్న పాత బురదను గీకించి మా గోడ వెనక పోగు పెట్టించాం.

కొన్నాళ్లకు కొత్త బురద మామూలు రంగుకు వచ్చింది. పెద్దమ్మ పిడకలు మళ్లీ మండాయి. ఆమె ఒకరోజు సర్వపిండి చేసి గిన్నెలో తెచ్చింది. మేమందరం మడుల పక్కన నిలబడే తిన్నాం.

"మా చిన్నకోడలు కంటె నువ్వే నయం బిడ్డా," అంది నాతో. "చెప్పినపని జేస్తవ్."

నా నౌకరీలో నాకు దొరికిన మెచ్చుకోళ్లలో అంతకంటే పెద్దది లేదు. అది కొద్ది నెలలు కూడా నిలవలేదు.

వానాకాలం ముందు టెంట్‌హౌస్ ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. గుంట నిండిపోయింది. అడుగున చిక్కటి తెల్లబురద పేరుకుంది.

"ఎక్కడ పోయమంటారో చెప్పండమ్మా. మీరెక్కడంటే అక్కడ పోయిస్తాను."

నేను ఇంజనీరు గారి వైపు చూశాను. ఆయన పైవాళ్లను అడిగారు. అది మురుగునీరు కాదు కాబట్టి మాది కాదన్నారు. చెత్త వాళ్లను అడిగితే ద్రవం కాబట్టి తమది కాదన్నారు. కాలుష్యం చూసేవాళ్లను అడిగితే, అంత చిన్న షెడ్డు తమ పట్టీలోకి రాదన్నారు. టెంట్‌హౌస్ ఆయన మూడుసార్లు తిరిగాడు. మూడోసారి నేనే అతన్ని కొన్నాళ్లు ఆగమన్నాను. ఆ కొన్నాళ్లలో ఏం మారుతుందనుకున్నానో నాకే తెలియదు.

పెళ్లిళ్ల కాలం. అతను ఆగలేకపోయాడు. ఒక ట్రాక్టరు మాట్లాడుకున్నాడు. ఎక్కడ పోస్తావని అడిగితే, ట్రాక్టరు అతను "చానా దూరం అన్నా, బాటసింగారం దిక్కు. నువ్వు పరేషాన్ గాకు," అన్నాడట. ఆ మాట నమ్మాలనిపించి నమ్మాడు. ట్రాక్టరు బాటసింగారం పోలేదు. కాలనీలో ఇళ్లు కట్టేవాళ్లు రాళ్లూ ఇటుక ముక్కలూ పోసి కుంటను ఒక మూల నుంచి పూడుస్తున్నారు. కుంటలోకి వాన నీళ్లు వచ్చే కాలవ అక్కడే. ఆ మట్టికుప్పల మధ్యలో ట్రాక్టరు అతను తన లోడు కూడా దింపేసి పోయాడు.

మొదటి పెద్దవాన రాత్రంతా కురిసింది. పొద్దున నేను చౌరస్తాలో బస్సు దిగేసరికే గట్టు వైపు జనం పరిగెడుతున్నారు.

కుంట నీళ్ల మీద తెల్లటి జిడ్డు, గాలికి ముడతలు పడుతోంది. చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. కొన్ని ఒడ్డుకు వచ్చి నోళ్లు తెరుస్తూ కొట్టుకుంటున్నాయి. గుడిసెల వాళ్లు నడుముల్లోతు దిగి తట్టల్లో, చీరకొంగుల్లో వాటిని ఎత్తుకుంటున్నారు. పిల్లలకు పండగలా ఉంది. పెద్దమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కర్రతో అందరినీ అదిలిస్తోంది.

"ముట్టకుండ్రి! నా కుంట చేపలు ముట్టకుండ్రి!"

ఆమె తన చేపల కోసం అరుస్తోందనుకుని వాళ్లు నవ్వుతూ తప్పించుకుంటున్నారు. నేనూ అరిచాను. తినొద్దని, విషమని. ఒకతను చేతిలో కొట్టుకుంటున్న చేపను నాకు చూపించి, "పానంతోని ఉంది గద మేడం," అన్నాడు.

టెంట్‌హౌస్ ఆయన వచ్చాడు. ఎవరో ఆయన మీద చెయ్యెత్తారు, ఎవరో ఆపారు. ఆయన చొక్కా విప్పి పక్కన పెట్టి నీళ్లలోకి దిగి చచ్చిన చేపలను రెండు చేతులా ఎత్తి ఒడ్డున వేయడం మొదలుపెట్టాడు. తన షెడ్డు మనుషులను కూడా పిలిపించాడు. మధ్యాహ్నం దాకా అదే పని. పెద్దమ్మ అతన్ని ఆపలేదు. ఆ చేపలను ఎక్కడ పూడ్చాలో ఎవరికీ తోచలేదు. చివరికి కుంట ఒడ్డునే పూడ్చారు.

ఇంజనీరు గారు అందరినీ గట్టు మీద కూర్చోబెట్టారు. ట్రాక్టరు అతను, అక్కడ అందరూ పోస్తుంటే నేనూ పోశానన్నాడు. టెంట్‌హౌస్ ఆయన, దూరం తీసుకుపోతానంటే నమ్మానన్నాడు. ఇంజనీరు గారు, కాలవలోకి రాకుండా మూయించడం వరకే తన చేతిలో ఉందన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పెద్దమ్మ అంతా విని నా వైపు తిరిగింది.

"ఆ కాలవల పొయ్యద్దన్నవ్, మంచిగనే ఉండె. గిప్పుడు దీన్ని ఏడ వెడ్తవ్ బిడ్డా?"

నేను కుంట వైపు చూశాను, మా గోడ వెనక పాత బురద పోగు వైపు చూశాను.

సాయంత్రం గుడిసె గుడిసెకూ తిరిగాను. అప్పటికే పొయ్యిల మీద కూరలు ఉడుకుతున్నాయి. చింతపండు పులుసు వాసన. ఒక గుడిసెలో చంకలో పిల్లాణ్ని ఎత్తుకున్న ఆడమనిషి నా మాటంతా ఓపికగా విన్నది.

"తింటె సస్తమా?" అని అడిగింది.

"చావరు."

"మల్ల?"

"తర్వాతెప్పుడో ఏదైనా కావచ్చు."

"ఏమైతది?"

"నాకు తెలియదమ్మా."

ఆమె నా ముఖం కాసేపు చూసింది. కోపం లేదు, జాలిలాంటిదేదో ఉంది. తర్వాత పొయ్యి వైపు తిరిగి కూర కలిపింది. అబద్ధం చెప్పి ఉంటే ఆ కుండ దించేదేమో. తింటే చస్తారని చెప్పాల్సిందని ఇంజనీరు గారు తర్వాత అన్నారు. మర్నాడు ఎవరూ చావకపోతే, ఆ మర్నాటి నుంచి నా మాట ఎవరు వింటారని అడిగాను.

ఎవరికీ ఏమీ కాలేదు. ప్రమాదమేమీ లేదనడానికి మా వాళ్లందరికీ అదే పెద్ద రుజువైంది. విచారణకు వచ్చిన పెద్ద ఆఫీసరు కుంట చుట్టూ నడిచి, ఎంతమంది ఆసుపత్రిలో చేరారని అడిగారు. ఎవరూ చేరలేదన్నాం. "మరింకేమిటి?" అన్నారు. నేను బురద సంగతి, కొవ్వు సంగతి, ఏళ్ల సంగతి చెప్పబోయాను. నా దగ్గర ఒక్క కొలత కూడా లేదు. కొలిచే సాధనం లేని చోట విషం కూడా లేనట్టే. మీకు ఇప్పుడు ఆ సాధనాలున్నాయి. అవి ఉన్నంత మాత్రాన ఆ బురదను ఎక్కడ పెడతారో మీకు తెలుసునని నేను అనుకోవడం లేదు.

కుంట కొన్ని నెలలు కంపు కొట్టింది. కాలనీ వాళ్లు దోమలని, రోగాలని అర్జీలు పెట్టారు. అడుగు మట్టి తోడి తీయిద్దామని నేను అడిగాను. "తీసి?" అన్నారు ఇంజనీరు గారు, ఒక్క మాటే. కుంట చోటుకు పెద్దమ్మ కొడుకులకు మంచి బేరం వచ్చింది. ఆమె అడ్డు చెప్పలేదు. "చేపల్లేని కుంట నాకెందుకు" అందట. పూడ్చడానికి మట్టి చాలకపోతే, మా గోడ వెనక పోగు కూడా లారీల్లో ఎత్తుకుపోయి అందులోనే పోశారు. మాకు ఒక ఇబ్బంది తీరిందని మా ఆఫీసులో అందరూ సంతోషించారు. టెంట్‌హౌస్ ఆయన మందు వేయడం మానేశాడు. ఆయన వేసిన పందిళ్లలో పెళ్లిళ్లు జరుగుతున్నప్పుడు భోజనాలయ్యేదాకా కుర్చీలో కూర్చోకుండా అటూ ఇటూ తిరుగుతుంటాడని తర్వాత విన్నాను. నాకు బదిలీ అయింది.

కొన్నేళ్ల తర్వాత పెద్దమ్మ చిన్నకొడుకు నన్ను వెతుక్కుంటూ వచ్చి గృహప్రవేశానికి పిలిచాడు. వెళ్లాను. ఎంత తిరిగినా పాత గట్టు ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను. వీధులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఇల్లు సరిగ్గా కుంట నడుమన కట్టారని ఆ అబ్బాయే చెప్పాడు. పెద్దమ్మ వరండాలో పీట మీద కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. చిన్నకోడలు గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"తాగుండ్రి మేడం. మా బోరు నీళ్లే. మస్తు తియ్యగుంటయ్, చుట్టుపక్కలోళ్లంత మా ఇంటికే ఒస్తరు."

గ్లాసు చేతిలో పట్టుకున్నాను. అది నీళ్లలో కరగదని, మట్టినే పట్టుకుని ఉంటుందని మేష్టారు చెప్పిన మాట తలచుకున్నాను. నిజమే అయి ఉండొచ్చు. ఎవరూ చూడలేదు. ఎవరూ కొలవలేదు. పెద్దమ్మ నా ముఖంలోకి చూసింది. మెల్లగా నా చేతిలోంచి గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది.

"ఆమెకు నీళ్లొద్దు," అంది కోడలితో. "చాయ్ పెట్టు."

కోడలు లోపలికి వెళ్లి కుళాయి తిప్పింది. ఆ చప్పుడు ఇద్దరం విన్నాం. కాసేపటికి చాయ్ వచ్చింది. పెద్దమ్మ తన కప్పు ఎత్తింది. నేనూ తాగాను.